లాగి చూడని చెయ్యి

హాస్టల్, మేడ మీది గది
జూన్ 9

బాబాయికి,

నీ క్యాంపులో ఫోను పలకదు కాబట్టి ఉత్తరం రాస్తున్నానని అమ్మకి చెప్పాను. అసలు సంగతి అది కాదు. నాకు ఉత్తరాలు రాయాలని ఉంది. ఫోనులో అన్న మాట అక్కడికక్కడే పోతుంది. కాగితం మీదైతే కొట్టేసి ఇంకో మంచి మాట పెట్టుకోవచ్చు. ఈమధ్య నాకు ఇదే పిచ్చి. పుస్తకంలో "విద్యుత్ వాహకం" అని చదివి, ఇంట్లో నాన్నా నువ్వూ అనే "తీగ" దాని కంటే ఎంత బాగుందో అనుకుంటూ కూర్చుంటాను. నా గదిలో ఉండే అమ్మాయి, "నువ్వు చదివేది ఎలక్ట్రికలా, కవిత్వమా?" అని ఎగతాళి చేస్తోంది.

నీకొక పని పెడుతున్నాను. విద్యుత్ శాఖవాళ్లు భద్రతా వారానికి వ్యాసాల పోటీ పెట్టారు. విషయం, దెబ్బతిన్న తీగను ప్రమాదం లేకుండా బాగుచేయడం. మొదటి బహుమతి వచ్చినదాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి అన్ని గ్యాంగులకీ పంపుతారు. పొద్దున పనిలోకి దిగే ముందు చదివి వినిపిస్తారు. నాన్న ఇరవై ఆరేళ్లు తీగ మీద బతికిన మనిషి, నువ్వు పందొమ్మిదేళ్లు. నేను రాయకపోతే ఇంకెవరు రాయాలి?

కానీ నాన్నని అడగలేను. చెయ్యి పోయి ఏడాది దాటింది. స్టోరులో కూర్చుని ఎడమచేత్తో బోల్టులు లెక్కపెట్టి ఇస్తున్నాడు. ట్రైనింగ్ యార్డులో ఇన్‌స్ట్రక్టరు పనికి అర్జీ పెట్టాడు, తెలుసుగా. ఆగస్టులో ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఇంట్లో ఎవరం ఆ మాటెత్తం. ఆయన మాత్రం రోజూ సాయంత్రం పెరట్లో తాడు పట్టుకుని ఎడమచేత్తో, పళ్లతో ముడులు వేయడం నేర్చుకుంటున్నాడు. ఎవరైనా చూస్తే తాడు పక్కన పడేసి మొక్కలకి నీళ్లు పోస్తాడు.

విచారణ రిపోర్టు నేను చదివాను. "జంపర్‌ను సరిగా బిగించక, లాగి చూడక తీగను కోసినందువల్ల" అని ఉంది. నాన్న ఒప్పుకున్నట్టు కింద ఎడమ బొటనవేలి ముద్ర. సంతకం పెట్టే చెయ్యి లేదు కదా. బాబాయ్, అది చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంటి గడియ రెండుసార్లు చూసేవాడు అంత నిర్లక్ష్యం ఎలా చేశాడు? నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు. తీగ పని గురించి మొదట్నుంచి చెప్పు. ఆ రోజు గురించి కూడా చెప్పు.

నీ అన్న కూతురు


లైన్ క్యాంపు, రేకుల షెడ్డు
జూన్ 20

వాగుడుకాయకి,

నీ ఉత్తరం నీళ్ల ట్యాంకరుతో పాటు వచ్చింది. నాలుగు పేజీలు చూసి మావాళ్లు "ఇది ఉత్తరమా, కోర్టు కాగితమా మేస్త్రీ?" అన్నారు. అవును, అన్న తర్వాత ఇప్పుడు నన్నే మేస్త్రీ అంటున్నారు. తాత్కాలికంగా అని ఆర్డరులో ఉంది.

తీగ అంటే బయటివాళ్లు ఒకటే కడ్డీ అనుకుంటారు. అది జడ. నడుమ ఉక్కు పోగులు, వాటి చుట్టూ పొరలు పొరలుగా అల్యూమినియం పోగులు. బరువు మోసేది ఉక్కు, కరెంటు మోసేది అల్యూమినియం. గాలికి ఊగి ఊగి క్లాంపు దగ్గర పోగులు తెగుతాయి. పిడుగు పడి కరుగుతాయి. మొన్న ఒకచోట ఎవడో పిట్టని కొట్టబోయి తీగని తుపాకీతో కొట్టాడు. పిట్ట బాగానే ఉంది, మాకు రెండు రోజుల పని.

ముందు లైన్ క్లియర్ కాగితం చేతికి రావాలి. "ఆపేశాంలే" అని ఫోనులో చెప్పింది కాగితం కాదు. తర్వాత కరెంటు లేదని టెస్టర్‌తో చూడాలి. తర్వాత పని చేసే చోటికి అటూ ఇటూ టవర్ల దగ్గర తీగని నేలకి కలుపుతూ ఎర్త్ కట్టాలి. టవరు వైపు క్లాంపు ముందు, తీగ వైపు కొక్కెం తర్వాత. విప్పేటప్పుడు కొక్కెం ముందు. ఇది ఒకసారి తప్పినవాడు రెండోసారి తప్పడానికి ఉండడు.

పై పొరలో ఒకటో రెండో పోగులు లేస్తే వాటిని అల్లిక దారిలోనే మెల్లగా కూర్చోబెట్టి, నునుపు చేసి, మీద స్లీవ్ అనే గొట్టం తొడిగి ప్రెస్సుతో నొక్కుతాం. మా లెక్క పై పొరలో ఆరో వంతు దాకా. అంతకు మించినా, లోపలి ఉక్కుకి దెబ్బ తగిలినా స్లీవ్ పనికిరాదు. తీగని కిందికి దించి, పాడైన ముక్క కోసేసి, కొత్తగా జాయింటు వేయాలి. చాలామంది బద్ధకించి లోపల చూడకుండా పైన స్లీవ్ తొడిగేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. గాలి వచ్చిన రోజు తెలుస్తుంది.

ఆ రోజు సంగతి రిపోర్టులో ఉందిగా. చదివానన్నావు కూడా. వేళకి తిను, కళ్లు పాడుచేసుకోకు.

బాబాయి


హాస్టల్, మేడ మీది గది
జూలై 2

బాబాయికి,

"అది జడ" అన్నావే, ఆ మాట నా నోట్సులో మొదటి పేజీలో రాసుకున్నాను. మా లెక్చరరు గంటసేపు చెప్పినా ఇంత తెలియలేదు. "అల్లిక దారిలోనే" అన్నది ఇంకా బాగుంది. నువ్వు నాకు మాటలు ఇస్తున్నావని నీకు తెలియడం లేదు.

జంపర్ సంగతి పుస్తకంలో చదివాను. సరిగా అర్థమైందో లేదో చూడు. మన లైన్ ఆపేసినా, అవే టవర్ల మీద రెండో పక్క ఉన్న లైన్లో కరెంటు పోతూనే ఉంటుంది. దాని పక్కనే ఉండడం వల్ల మన తీగలోకి కూడా కరెంటు వస్తుంది. తీగ ఒకటిగా ఉన్నంతసేపు అది ఎర్త్‌ల గుండా తిరిగి పోతుంది. కోసిన క్షణం రెండు కొసల మధ్యా ఓల్టేజీ నిలబడుతుంది. అందుకే కోయబోయే చోటికి అటొక క్లాంపు ఇటొక క్లాంపు బిగించి రాగి జంపర్ కడతారు. అది ఉంటే రెండు కొసలూ ముట్టుకున్నా ఏమీ కాదు. ఊడితే మనిషే జంపర్ అవుతాడు.

ఇంత చిన్న సంగతి నాన్నకి తెలియదా? పైగా కట్టేవాడు ఒకడు, కోసేవాడు ఇంకొకడు ఉంటారని, కోసేవాడు క్లాంపులు లాగి చూసుకుంటాడని మా లెక్చరరు చెప్పారు. మరి నాన్న రెండు పనులూ తనే ఎందుకు చేశాడు?

ఆదివారం ఇంటికి వెళ్లాను. ఉండబట్టలేక భోజనాల దగ్గర అడిగేశాను.

"నాన్నా, ఆ రోజు జంపర్ ఎందుకు లాగి చూడలేదు?"

"చూడలేదు."

"అదే, ఎందుకని?"

"ఎందుకని ఏముందే. బిగిస్తే ఉంటుంది, లేకపోతే ఊడుతుంది."

అమ్మ "ఆయన్ని తిననివ్వు. కావలిస్తే మీ బాబాయిని అడుగు" అంది. అంతే, నాన్న తలెత్తాడు. "వాణ్ణి ఇందులోకి లాగకండి" అని కంచం ముందునుంచి లేచిపోయాడు. సగం కూడా తినలేదు. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది.

గడువు ఇరవయ్యో తేదీ. నువ్వు చెప్పకపోతే నా వ్యాసంలో ప్రాణం ఉండదు. ఎవరికో జరిగిందని రాస్తే ఎవరూ వినరు. నిజంగా జరిగింది రాస్తే ఒక్కడైనా లాగి చూస్తాడు.

నీ అన్న కూతురు


లైన్ క్యాంపు, రేకుల షెడ్డు
జూలై 11

వాగుడుకాయకి,

జంపర్ గురించి నువ్వు రాసింది సరిగానే ఉంది.

ఆ రోజు ఒక మనిషి జ్వరమని రాలేదు. అందుకని అన్నే కట్టుకున్నాడు. ఒక క్లాంపు సరిగా పడలేదు. కోయగానే తీగ ఎగిరింది, జంపర్ ఊడింది. ఆ కొస పక్కనున్న మనిషి మీదికి పోతుంటే అన్న కుడిచేత్తో పట్టుకున్నాడు. మోకాలు రెండో కొసకి ఆనుకుని ఉంది. అంతే.

రాయాలంటే రాయి. పేరు మాత్రం పెట్టకు. వేరే ఏదైనా ప్రమాదం గురించి రాసినా బాగానే ఉంటుంది. ఇక్కడ వానలు మొదలయ్యాయి, పని ఎక్కువగా ఉంది. కొన్నాళ్లు ఉత్తరాలు రాయలేకపోవచ్చు.

బాబాయి


హాస్టల్, మేడ మీది గది
ఆగస్టు 6

బాబాయికి,

మొదటి బహుమతి నాకే. అచ్చు పుస్తకం చేతిలో పట్టుకుని రాస్తున్నాను. నీలం అట్ట, పదహారు పేజీలు. వాసన చూశాను కూడా, నవ్వకు. పేరు "లాగి చూడని చెయ్యి". మీ క్యాంపుకి ఈ వారమే వస్తుంది.

తీగ పని అంతా నువ్వు చెప్పినట్టే రాశాను. చివరి భాగంలో ఆ రోజు సంగతి. ఇది విను:

"ఆ మేస్త్రీ గ్యాంగులో అందరి క్లాంపులూ లాగి చూసేవాడు. తన క్లాంపు మాత్రం లాగి చూసుకోలేదు. తన చేతిని అంతగా నమ్మినవాడి చెయ్యే పోయింది."

ఈ మూడు వాక్యాలకే బహుమతి ఇవ్వొచ్చని ఒక పెద్దమనిషి అన్నారట. మూడో వాక్యం పదకొండుసార్లు తిరగరాశాను. పేరు పెట్టలేదు, నీ మాట విన్నాను. నాన్నకి ఇంకా చూపించలేదు. ఇన్‌స్ట్రక్టరు పని సంగతి తేలాక, ఆ సంతోషంలో చూపిద్దామని. కోపం వచ్చినా, ఇంకొకడి చెయ్యి దక్కుతుందంటే ఆయన కాదనడు.

నీ అన్న కూతురు


లైన్ క్యాంపు, రేకుల షెడ్డు
ఆగస్టు 17

అమ్మాయీ,

నీ పుస్తకం వచ్చింది. మేస్త్రీని కాబట్టి నేనే చదవాలి. పొద్దున పదకొండు మందినీ నిలబెట్టి చదివాను. నువ్వు బాగా రాశావు. అంత బాగా రాసి ఉండకపోతే ఎలాగో చదివేసేవాణ్ణి. ఆ మూడు వాక్యాల దగ్గరికి వచ్చేసరికి వరస తప్పి ఆగాను. మళ్లీ మొదలుపెట్టాను. మా గ్యాంగులో పెద్దాయన ఉన్నాడు, అన్నతో పాటు పనిలో చేరినవాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, "చాల్లే మేస్త్రీ. ఆ జంపర్ ఎవరు కట్టారో ఇక్కడందరికీ తెలుసు. ఆ పిల్లకి ఎవరు చెప్పారో అది చెప్పు" అన్నాడు. నేను పుస్తకం మూసేశాను. అందరూ స్పానర్లు తీసుకుని బండెక్కారు.

జంపర్ కట్టింది నేను.

జ్వరమని ఎవరూ మానలేదు. ఒక క్లాంపు స్పానరుతో బిగించాను. రెండోది చేత్తో తిప్పాను. ఇంతలో ప్రెస్సు బండి వచ్చింది. దారి చూపించి వచ్చి బిగిద్దామని లేచాను. లేస్తూ అలవాటుగా "అయింది అన్నా" అన్నాను. అన్న కోశాడు. నేను తిరిగి వస్తున్నాను, తీగ కొస నా మొహం మీదికే వచ్చింది. పక్కనున్న మనిషి అని రాశాను చూడు, అది నేనే.

అన్న ఎందుకు లాగి చూడలేదని అడిగావు. పన్నెండేళ్ల కిందట నేను కట్టిన ఎర్త్ క్లాంపుని అన్న అందరి ముందూ లాగి చూశాడు. అది గట్టిగానే ఉంది. "అయితే నా పని మీద నీకు నమ్మకం లేదన్నమాట" అని నేను స్పానర్ నేలకేసి కొట్టి వెళ్లిపోయాను. నెల రోజులు మీ గడప తొక్కలేదు. మా అమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేసింది. అప్పట్నుంచి అన్న అందరి క్లాంపులూ లాగి చూసేవాడు, నావి తప్ప. గ్యాంగులో నేను దాన్ని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

నాకు అప్పటికే రెండు మెమోలు ఉన్నాయి. మూడోది వస్తే పని పోతుంది. ఆసుపత్రికి విచారణవాళ్లు వచ్చే ముందు అన్న నన్ను పిలిచి, "నేనే కట్టానని చెప్తాను, నువ్వు నోరు మూసుకో" అన్నాడు. "ఎందుకన్నా" అన్నాను. అది కూడా గట్టిగా అనలేదు. "నా చెయ్యి ఎలాగూ పోయింది. ఇంకో రెండు చేతులు ఎందుకు పోవాలి?" అన్నాడు.

నోరు మూసుకున్నాను. నువ్వు అడిగినప్పుడు నోరు తెరిచి అబద్ధం చెప్పాను. మొదటిది అన్న చేయమన్నాడు. రెండోది ఎవరూ చేయమనలేదు.

బాబాయి


హాస్టల్, మేడ మీది గది
ఆగస్టు 30

బాబాయి గారికి,

మీ ఉత్తరం అందింది.

అది అందేసరికే నాన్నని యార్డు ఇంటర్వ్యూకి పిలిచారు. బల్ల మీద నీలం అట్ట పుస్తకం ఉందట. ఆఫీసరు "ఈ మేస్త్రీ మీరేనా?" అని అడిగారట. నాన్న "నేనేనండి" అన్నాడట. "రాసింది మా అమ్మాయండి" అని కూడా అన్నాడట. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, "మీ దగ్గర కుర్రాళ్లు ఏం నేర్చుకోవాలంటారు?" అన్నారట. ఇదంతా స్టోరు గుమాస్తా అమ్మకి చెప్పాడు. నాన్న ఇంటికి వచ్చి, "అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, కళ్లజోడు పట్టుకెళ్లి ఉండాల్సింది" అన్నాడు. ఆ పూట పెరట్లోకి వెళ్లలేదు. తాడు స్టోరులో ఇచ్చేశాడట.

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, మీరు రాసింది చెప్పాను. "వాడు చెప్పేశాడా" అన్నాడు. తర్వాత "ఎక్కడా అనకు" అన్నాడు. నేను ఆఫీసుకి రాస్తానంటే, "నువ్వు రాస్తే నేను వేలిముద్ర వేసి అబద్ధం చెప్పినట్టవుతుంది. ఉన్న స్టోరు కూడా పోతుంది" అన్నాడు. మీరు రాస్తే అలా కాదు. నేను కనుక్కున్నాను. తప్పు చేసినవాడు తనంతట తాను ఒప్పుకుంటే విచారణ మళ్లీ తెరుస్తారు. తమ్ముణ్ణి కాచుకున్న మనిషికి ఒక మందలింపుతో సరిపెట్టొచ్చని యూనియన్ పెద్ద చెప్పారు. ఇన్‌స్ట్రక్టరు పేరు సెప్టెంబరు పదిహేనున ఖాయం చేస్తారు. ఆ లోపు మీ సంతకంతో ఒక కాగితం వెళ్లాలి. మీకు మాటలు రాకపోతే నేను రాసిస్తాను. నాకు బాగా రాయడం వచ్చని మీరే అన్నారు.

మీ అన్నగారి కూతురు


లైన్ క్యాంపు, రేకుల షెడ్డు
సెప్టెంబరు 12

అమ్మాయీ,

పుట్టినప్పట్నుంచి నన్ను నువ్వు అన్నదానివి, మీరు అన్నావు. చెంప మీద కొట్టి ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

కాగితం రాశాను. నాలుగుసార్లు రాశాను. నాకు మాటలు రాకపోవడం కాదు. "జంపర్ కట్టినది నేను" అన్న మాట దగ్గర ఎక్కడా తడబడలేదు. కింద సంతకం చేయాల్సిన చోట ఆగిపోతున్నాను. నాలుగో కాగితం నా పెట్టెలో ఉంది. తేదీ కూడా వేశాను.

సోమవారం నన్ను మేస్త్రీగా ఖాయం చేస్తూ ఆర్డరు వచ్చింది. దాని మీద మాత్రం సంతకం చేశాను. మీ పిన్ని సంతోషపడింది. ఆవిడకి ఇదేదీ తెలియదు.

అన్న వద్దన్నాడు కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అన్న మాట ఎన్నడూ విననివాణ్ణి, దీనికి మాత్రం వింటున్నాను. ఏమైనా అనుకో. ఇంకొన్నాళ్లు ఆగు అని అడగడానికి కూడా నాకు మొహం లేదు.

బాబాయి


ఇల్లు
సెప్టెంబరు 20

మేస్త్రీ గారికి,

ఇన్‌స్ట్రక్టరు పనికి ఇంకో జిల్లా నుంచి ఎవరినో వేశారు. మీరు ఇక కాగితం పంపినా, పంపకపోయినా ఒకటే. పెట్టెలోనే ఉంచుకోండి.

రెండు రోజుల సెలవుకి ఇంటికి వచ్చాను. నీలం అట్ట పుస్తకం నాన్న దిండు కింద కనపడింది. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. ఎడమచేత్తో పెన్సిలు పట్టుకుని మార్జిన్లో దిద్దాడు కూడా. అక్షరాలు ఒకటో తరగతి పిల్లవాడివిలా అటూ ఇటూ పోయాయి. ఆ మూడు వాక్యాల పక్కన ఏమైనా రాశాడేమోనని అదే పేజీ ముందు చూశాను. ఏమీ రాయలేదు. గీత కూడా లేదు. దిద్దింది తొమ్మిదో పేజీలో. జంపర్ ఎలా కట్టాలో చెప్పినచోట నేను ఒక పని వదిలేశాను. పాత తీగ పైన నల్లటి పొర పట్టి ఉంటుంది, క్లాంపు వేసే ముందు వైరు బ్రష్షుతో తెల్లగా వచ్చేదాకా రుద్దాలి, లేకపోతే ఎంత బిగించినా పట్టు ఉండదు. అది రాశాడు.

"నాన్నా, మిగతాదంతా అలాగే వదిలేశావేం?" అని అడిగాను.

"మిగతాదాంతో ఎవడి చెయ్యీ పోదు" అన్నాడు.

నేను గదిలోకి వెళ్లి ఆ పుస్తకం మళ్లీ చదివాను. మాటలన్నీ చక్కగా ఉన్నాయి. ఒక్కదాన్నీ మార్చాలనిపించలేదు. దానికే ఏడ్చాను.

పుస్తకం పన్నెండు వందల ప్రతులు వేశారు. దిద్దుబాటు చీటీ వేయమని నేను ఆఫీసుకి రాశాను, ఇంకా జవాబు లేదు. మీ గ్యాంగుకి మాత్రం ఆగకుండా తెలియాలి. నాన్న రాసింది రాసినట్టే ఇందులో ఎత్తి రాశాను. పొద్దున పనిలోకి దిగే ముందు చదివి వినిపించండి. ఎవరు దిద్దారో కూడా చెప్పండి. ఒక మేస్త్రీ ఇంకో మేస్త్రీ పేరు చెప్పడమే కదా, దానికి సంతకం అక్కర్లేదు.

నమస్కారాలతో


లైన్ క్యాంపు, రేకుల షెడ్డు
సెప్టెంబరు 29

అమ్మాయీ,

నువ్వు పంపింది ఇవాళ పొద్దున చదివాను. అందరూ విన్నారు. బ్రష్షులు పాతబడ్డాయంటే కొత్తవి తెప్పిస్తున్నాను.

"ఎవరు దిద్దారు?" అని పెద్దాయన అడిగాడు.

ఆఫీసు నుంచి వచ్చింది అన్నాను.

బాబాయి